డైలాగు లేని చోట

తెనాలి

అమ్మలూ,

తాతయ్య దీవించి రాయునది. నువ్వు ఫోన్లో పంపిన నాలుగు ముక్కలూ మీ అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి వినిపించింది. సినిమాలో వేషం దొరికిందనీ, హీరోయిన్ స్నేహితురాలి పాత్ర అనీ, ఆరు సీన్లలో ఉంటావనీ, అన్నింటికీ కలిపి ఒక్కటే డైలాగనీ రాశావు. చివర "ఒక్క డైలాగుకి ఏం యాక్ట్ చేస్తాం తాతయ్యా" అని ఏడుపు మొహం బొమ్మొకటి. నాకు నవ్వొచ్చింది. యాభై ఏళ్ళుగా నాకు అన్నం పెట్టినవి డైలాగు లేని సీన్లే. ఈ సంగతి అడగాల్సిన మనిషినే అడిగావు.

నేను నాటకాల్లో మొదట చేసింది ప్రాంప్టరు పని, అంటే వేషగాళ్ళు మర్చిపోయిన మాట చాటునుంచి అందించడం. అప్పటికి పదహారేళ్ళు. గొంతు మారుతోంది, పద్యం ఎత్తుకుంటే హార్మోనీ ఒక దారి, నేనొక దారి. అందుకని సైడు వింగు వెనక స్టూలేసి, చేతికి పుస్తకమిచ్చి కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచి చూస్తే జనానికి కనపడనిది కనపడుతుంది. పద్యం పాడేటప్పుడు ప్రతివాడూ నటుడే. పాడడం అయ్యాక ఏం చేస్తున్నాడో చూడాలి. ఒకడు కిరీటం సర్దుకుంటాడు. ఒకడు ముందు వరసలోకి ప్రెసిడెంటు గారు వచ్చారా లేదా అని చూస్తాడు. ఒకడి పెదాలు కదులుతూ ఉంటాయి, తర్వాతి పద్యం నెమరేసుకుంటున్నాడన్నమాట. పక్కవాడు ప్రాణం పెట్టి పాడుతున్నా వీడి చెవికెక్కదు.

ఇంత చూసినవాణ్ణి, నా దాకా వచ్చేసరికి నేనూ అదే చేశాను. దివిసీమలో ఒక ఊళ్ళో కాంట్రాక్టు నాటకం, తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగం. కాంట్రాక్టు నాటకమంటే మీ యూనివర్సిటీలో చెప్పారో లేదో. ఒకే రాత్రి, ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఉండేవాళ్ళు. పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఇంకొకరు. కథ జనానికి నోటికొచ్చు, కథ కోసం ఎవడొస్తాడు? ఎవరి గొంతు ఎంతసేపు నిలబడుతుందో తేల్చుకోవడానికి వచ్చేవాళ్ళు. ఆ రాత్రి నాది ద్రోణాచార్యుడి వేషం. రాయబారం సీనుకే రెండు దాటింది. కృష్ణుడు 'చెల్లియో చెల్లకో' ఎత్తుకున్నాడు. వన్స్ మోర్. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ వన్స్ మోర్. కొలువులో కూర్చున్న నాకు పద్యం లేదు, పని లేదు, పైగా గడ్డం దురద. కాసేపటికి కునుకు పట్టింది.

తెల్లారి కాలవ గట్టున మొహం కడుక్కుంటుంటే, బిందెతో వచ్చిన ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "రాత్రి ద్రోణుడివి నువ్వే కదయ్యా? ఆ పిల్లలకి విద్య చెప్పినోడివి, కృష్ణుడు అన్నేసి మాటలంటుంటే నీకు చీమ కుట్టినట్టైనా లేదే!" అంది.

వేషం బాగా కట్టలేదంటే సర్దుకునేవాణ్ణి. ఆమె నిలదీసింది ద్రోణుణ్ణి. నా కునుకు మూలంగా ఆ పెద్దాయన సిగ్గులేనివాడైపోయాడు. తర్వాతి ఊరికి వెళ్ళేదాకా అదే ఆలోచన. కొలువులో ద్రోణుడు ఎవరి మొహంలోకి చూడలేడు? విదురుడి వైపు తల తిప్పగలడా? అర్జునుడి మాట వచ్చినప్పుడు, ఆ కుర్రాడికి విల్లు పట్టించిన చేతులు ఊరికే ఉంటాయా? అప్పట్నుంచీ పద్యం లేని ద్రోణుడిగా కూర్చున్నా నాకు తీరికే దొరికేది కాదు.

నీ ఆరు సీన్లకీ అదే పని పెట్టుకో. "స్నేహితురాలు" అనేది కాగితం మీద మాట. ఆ పిల్ల హీరోయిన్ దగ్గర ఎప్పుడైనా అప్పు తీసుకుందా? ఆమె ప్రేమ గోల వినడం ఇష్టమా, లోపల విసుగా? ఇంటికి ఏ బస్సులో పోతుంది, ఎన్నింటికి పోవాలి? ఇవేవీ డైరెక్టరుకి చెప్పకు. ఆయనకి వంద తలనొప్పులుంటాయి, నీ బస్సు నంబరు నూటొకటోది. నీ దగ్గరే ఉంచుకుని, అవతలి మనిషి చెప్పేది నిజంగా విను. అలాగని మొహంతో డైలాగులు చెప్పకు. మాట లేదు కదా అని వెనకాల నుంచుని కనుబొమలెగరేసేవాళ్ళు, చున్నీ ముడులేసేవాళ్ళు ఉంటారు. ఎడిటరు మొదట కోసేది వాళ్ళనే.

'మాయాబజార్' నీకు వందసార్లు చూపించాను, ఈసారి మాట వినపడకుండా చూడు. 1957 నాటి బొమ్మ. ఒళ్ళు శశిరేఖది, లోపలున్నది ఘటోత్కచుడు. సావిత్రి గారి చేతిలో ఏముంది? గద లేదు, ఎస్వీ రంగారావు గారి ఆకారమూ లేదు. ఉన్నదల్లా నడక, భుజాలు, చూపు. ఆయన అడుగు వేసే తీరు ఎంత శ్రద్ధగా గమనించి ఉంటే ఆ నడక వస్తుంది! ఘటోత్కచుడు హద్దు దాటబోయి, నలుగురూ ఉన్నారని గుర్తొచ్చి, మళ్ళీ శశిరేఖలోకి సర్దుకునే అరక్షణాలు ఉంటాయి. నాకైతే ఆ సినిమాలో పాటలకంటే అవే గొప్ప.

కెమెరా ముందు ఒక్క సంగతి మర్చిపోకు. నీ షాటు అయిపోయాక హీరోయిన్ క్లోజప్ పెడతారు. నువ్వు ఫ్రేములో ఉండవు. చాలామంది వెళ్ళి కుర్చీలో పడతారు, అసిస్టెంటు కుర్రాడు కాగితం చూసి అప్పగించినట్టు డైలాగు చదువుతాడు. నువ్వు పోకు. కెమెరా పక్కన, ఆమె చూపు ఆనే చోట నిలబడు. నీకు మాట లేకపోయినా మనిషివై నిలబడు. సావిత్రి గారంతటి వాళ్ళక్కూడా చూడడానికి ఎదురుగా ఒక మొహం కావాలి. ఇంకోటి, టీ గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నావో గుర్తుంచుకో. ఒక షాటుకీ ఇంకో షాటుకీ తేడా రాకుండా కంటిన్యుటీ చూసేవాళ్ళు మర్చిపోయినా తెర మర్చిపోదు.

ఆ ఒక్క డైలాగూ నీ గొంతుతోనే డబ్బింగ్ చెబుతానని ఇప్పుడే అడుగు. తెలుగు వచ్చిన పిల్లవి, నీకు అరువు గొంతేమిటి? డబ్బు సంగతి కాగితం మీద రాయించుకో, మిగతాది డబ్బింగుకి ముందే తీసుకో. ఆ తర్వాత నీతో వాళ్ళకి పనుండదు. ఒకాయన నాకిచ్చిన చెక్కు మూడుసార్లు తిరిగొచ్చింది, ఇప్పటికీ బీరువాలో ఉంది. మీ అమ్మమ్మ దాన్ని నా అవార్డు అంటుంది. కథ చెప్పడానికి ఆఫీసులుంటాయి. హోటల్ గదికి రమ్మన్నవాడి కథ నీకక్కర్లేదు.

పేరు గురించి అడిగావు. నాకు అది పెద్దగా రాలేదు కాబట్టి తక్కువే చెప్పగలను. నా మొహం తెలుసు, పేరు తెలియదు. రైల్లో "మీరు ఆ సినిమాలో లాయరు కదూ" అంటారు. ఏ సినిమాయో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం అవుననుకుంటాం. సూర్యకాంతమ్మ గారిది ఇంకో బాధ. గయ్యాళి అత్త వేషాలు ఎంత బాగా వేశారంటే ఆడపిల్లకి ఆ పేరు పెట్టడానికే జనం జంకారు. ఆవిడేమో ఇంటి నుంచి వంటలు చేయించుకొచ్చి సెట్లో అందరికీ పెట్టే మనిషి.

మద్రాసు వెళ్ళిన కొత్తలో మాలాంటివాళ్ళం కూర్చునే చోటు టీ నగర్లో పానగల్ పార్కు. వేషం దొరకని ప్రతి తెలుగువాడికీ అది ఆఫీసు. అక్కడే చిత్తూరు నాగయ్య గారి విగ్రహం పెట్టారు. సినిమాల్లో పోతన వేషం, 1946లో త్యాగయ్య వేషం వేసి, జనం చేత దండాలు పెట్టించుకున్న మనిషి. కనిపించిన ప్రతివాడికీ పెట్టి, 'రామదాసు' తీసి నష్టపోయి, 1973లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగలలేదు. ఆయన దానగుణాన్ని తప్పుపట్టేంత మొనగాణ్ణి కాను. ఆ బొమ్మ ముందు బఠాణీలు తింటూ నేను చేసింది మాత్రం అద్దె లెక్కే.

వేషాలు లేని రెండేళ్ళు విజయవాడ రేడియోలో నాటకాలు నిలబెట్టాయి నన్ను. మైకు ముందు కాగితం తిప్పితే చప్పుడవుతుంది. ఊపిరి కూడా బిగబట్టి ఎదుటివాడి మాట వినాలి. నా చెవి అక్కడ పదునెక్కింది. నువ్వూ ఆ స్కూలు పిల్లలకి నాటకం నేర్పే పని మానకు. బళ్ళారి రాఘవ గారంతటి నటుడు వకీలు పని చేసుకుంటూనే నాటకాలు ఆడాడు. మగవాళ్ళు ఆడవేషాలు కట్టడం ఏమిటని పట్టుబట్టి ఆడవాళ్ళని స్టేజీ ఎక్కించినవాళ్ళలో ఆయనా ఒకడు. నువ్వు నిలబడే చోటికి ఆ రుణం కొంత ఉంది.

నా సంగతి కూడా చెప్పాలి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కిందటి నెల షూటింగులో మూడు ముక్కల డైలాగు నాకు అందలేదు. నాలుగు టేకులు. అప్పుడొక అసిస్టెంటు కుర్రాడు కెమెరా కింద చతికిలబడి, పెదాలతో నాకు మాట అందించాడు. పదహారేళ్ళుంటాయేమో. షాటు ఓకే అయ్యాక వాణ్ణి పిలిచి, స్టూలు మీద కూర్చో నాయనా, నడుం పట్టేస్తుంది అన్నాను.

అన్నీ రాశావు గానీ ఆ డైలాగు ఏమిటో రాయలేదు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి. హీరోయిన్ మాటలు నేను చెబుతాను, నువ్వు విను.

మీ తాతయ్య