సమాధానం: ప్రేమకథ పదో పేజీలోనే ఆగిపోయిందన్నారు కదా

మీ ఇబ్బంది అర్థమైంది. స్కూల్లో ముఖపరిచయం మాత్రమే ఉన్న ఇద్దరు మగవాళ్లు ముప్ఫై దాటాక సెలవుల్లో ఒకే చోట తారసపడతారు, పదో పేజీకే ప్రేమలో పడిపోతారు, ఇక రాయడానికేమీ మిగల్లేదు అంటున్నారు. విలన్‌ని తేవాలా అని అడిగారు. వద్దండి. ఇలాంటి తీయని కథలో విలన్ పంటి కింద రాయిలా తగులుతాడు.

నా ఉద్దేశంలో పొరపాటు మొదట్లోనే ఉంది. వాళ్లని ప్రాణస్నేహితుల్లా మాట్లాడించేశారు. వాళ్లు ఒట్టి పరిచయస్తులు. ఒకే సంగతి ఇద్దరికీ వేరువేరుగా గుర్తుండాలి. ఉదాహరణకి, స్కూల్ రోజుల్లో వానలో గొడుగు ఇచ్చినవాడు ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు. తీసుకున్నవాడు అది తిరిగివ్వనందుకు ఇరవై ఏళ్లుగా సిగ్గుపడుతుంటాడు. ఆ గుట్టు నాలుగో రోజు దాకా విప్పకండి. పిలుపు కూడా చూసుకోండి: మొదట ‘మీరు’, తర్వాత ఎటూ తేలని తడబాటు, చివరికి నోరుజారి వచ్చే ‘నువ్వు’. మన భాషలో ఆ ఒక్క మాటే సగం ముద్దు. (నేనైతే ఆ సీన్ కోసమే చదువుతాను.)

టెన్షన్‌కి తిరుగు ప్రయాణం తేదీ చాలు. ఒకడు తాను గే అని ఇంట్లో చెప్పుకున్నవాడు, రెండోవాడు ఇంకా చెప్పనివాడు అయితే ‘ఫొటో దిగుదామా’ అన్న చిన్న ప్రశ్న కూడా బరువెక్కుతుంది. అలాగని అతని చేత హడావిడిగా చెప్పించేయకండి, ఆ నిర్ణయం అతనిదే. ముగింపులో వీడ్కోలు కౌగిలింత కన్నా, కొత్త గొడుగు చేతికిచ్చే చోట ఆపేస్తే నాకు నచ్చుతుంది.