కాయ కోత రోజుల్లో ఆ నొప్పి మాత్ర వద్దు

ప్రశ్న: మా నాన్నకు 54 ఏళ్లు. బంగారుపాళెం దగ్గర తోతాపురి కాయ కోతకు వెళతారు. బీపీ మాత్ర వాడతారు. సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి, మూత్రం ముదురు పసుపుగా వస్తోంది. నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటారు. ఏటేటా ముదురుతున్న ఈ ఎండలకు కిడ్నీలు పాడవుతాయా? – ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: పాడయ్యే ప్రమాదం ఉందమ్మా. ముందు ఆ డైక్లోఫెనాక్ ఆపించండి. చెమటతో నీరూ ఉప్పూ పోయినప్పుడు కిడ్నీ తనకు రక్తం తెచ్చే నాళాన్ని విప్పార్చుకుని నెట్టుకొస్తుంది. ఈ మాత్ర దాన్నే అడ్డుకుంటుంది. బీపీ మాత్రలో టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటివి ఉంటే దెబ్బ ఇంకా పెద్దది. అలాగని దాన్ని సొంతంగా మానొద్దు, కోతల నెలల్లో మోతాదు మార్చాలేమో మీ డాక్టర్నే అడగండి.

మధ్య అమెరికా దేశాలైన ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో షుగరు, బీపీ లేని కుర్రకూలీలకే కిడ్నీలు చెడిపోవడంతో పరిశోధకుల చూపు ఎండ మీద పడింది. మిగతా కారణాల మీద వాదన నడుస్తూనే ఉంది గానీ, నీళ్లు, నీడ, విరామం పెంచిన చోట కిడ్నీ దెబ్బలు తగ్గాయి. ఈ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాబట్టి మూత్ర పరీక్ష బాగుందని ఊరుకోవద్దు. సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) కోతల మధ్యలో ఒకసారి, పని లేని వారం గడిచాక మరోసారి చేయించండి. కోతల్లో 1.3 ఉన్నది తర్వాత 0.9కి దిగితే, ల్యాబు కాగితంలో రెండూ 'నార్మల్' అనే ఉండొచ్చు. కానీ కోతల సమయంలో కిడ్నీ దెబ్బతిని ఉండొచ్చు, ఆ రెండు కాగితాలూ డాక్టరుకు చూపించండి.

పని తెల్లవారుజామున మొదలుపెట్టి పదిన్నరకల్లా ఆపేస్తే మేలు. వాన పడీపడని జూన్ ఉక్కను తేలిగ్గా తీసుకోవద్దు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. దాహం వేయకముందే ప్రతి 20 నిమిషాలకూ ఒక గ్లాసు నీళ్లు తాగాలి, గంటకు లీటరున్నర దాటొద్దు. ఉత్త నీళ్లే పట్టిస్తే రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోతుంది. మధ్యలో ఉప్పు మజ్జిగో, ఓఆర్ఎస్సో ఇవ్వండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. చాలామంది గ్లాసులో కొంచెం కొంచెం వేసుకుంటారు, అప్పుడు ఉప్పు పాళ్లు తప్పుతాయి. (గుండె జబ్బు, ముందే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ నీళ్లు, ఉప్పు లెక్క వర్తించదు.) కూల్‌డ్రింకులు వద్దు.

మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, 8 గంటలపాటు రాకపోయినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాట తడబడి, మనిషి తికమకపడితే 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరండి. నోట్లో నీళ్లు పోయొద్దు.