బూజు పట్టిన వేరుశనగ గుళ్లకు లవంగ నూనె మందా?

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. వానలకు ముందు ఊరి నుంచి వేరుశనగ గుళ్లు బస్తా తెప్పించాం. ఇక్కడి గాలి తేమకేమో, అడుగున ఉన్నవి పచ్చగా బూజు పట్టాయి. లవంగ నూనె నాలుగు చుక్కలు కలిపితే విషం పోతుందని మా తోటికోడలు అంటోంది. నిజమేనా? కడిగి వేయించుకుంటే సరిపోదా? పోనీ గానుగ ఆడించెయ్యమంటారా?

జవాబు: మీ తోటికోడలి మాటలో కొంత నిజం ఉందండీ, కాకపోతే అది మీకిప్పుడు అక్కరకొచ్చేది కాదు. లవంగ నూనెలోని యూజెనాల్, వాము నూనెలోని థైమాల్, దాల్చినచెక్క నూనెలోని సిన్నమాల్డిహైడ్ బూజు కణాల పొరను దెబ్బతీస్తాయి, తగినంత మోతాదు పడితే బూజు ఎదగడమే కాదు, అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేయడం కూడా తగ్గుతుందని ల్యాబుల్లో చాలాసార్లు తేలింది. అదంతా బూజు రాకముందు సంగతి. గింజలోకి చేరిపోయిన విషాన్ని ఆ నాలుగు చుక్కలు బయటికి లాగలేవు. పైగా వేరుశనగలాంటి కొవ్వున్న గింజల్లో ఈ నూనెల పస తగ్గుతుంది, సరే అని ఎక్కువ పోస్తే ఆ ఘాటుకి చట్నీ ఎవరూ ముట్టరు.

కడిగితే పైనున్న బూజే పోతుంది. వేయిస్తే విషం కొంత తగ్గొచ్చు గానీ పూర్తిగా పోదు, వంటింటి వేడికి అది అంత సులభంగా లొంగే రకం కాదు. లివర్ కేన్సర్ తెచ్చే పదార్థం, దాంతో పంతమెందుకు? 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని లివర్ దెబ్బతిని వందమందికి పైగా చనిపోయారు.

గానుగ ఆలోచన అసలు వద్దు. రిఫైనరీలో అయితే శుద్ధి చేసేటప్పుడు విషం చాలావరకు పోతుంది, గానుగ నూనెకి ఆ శుద్ధి ఉండదు. మిగిలిన చెక్క గేదెకి పెట్టారనుకోండి, కొంత పాలలోకి వచ్చి మళ్లీ మన పిల్లల గ్లాసులోకే చేరుతుంది.

కాబట్టి అడుగు భాగమంతా పారేయండి, ఆ దుమ్ము పీల్చకుండా ముక్కుకి గుడ్డ కట్టుకుని మరీ. పైన ఉన్నవాటిలో ముడుచుకున్నవి, రంగు మారినవి, పగిలినవి ఏరేసి, ముక్కిపోయిన వాసన ఏమాత్రం ఉన్నా వాటినీ వదిలేసి, మిగతావి గలగలమనేదాకా ఎండబెట్టి గాలి చొరని డబ్బాలో పోయండి. ఈసారి బస్తాలు వద్దు, నెలకి సరిపడా కొనుక్కోండి, ఫ్రిజ్‌లో చోటుంటే అందులో పెట్టండి.