24 గంటలకు నిరోధక సామర్థ్యం పడిపోతోందా? ముందు ఆమ్లం కొలవండి

తుప్పును అడ్డుకునే రసాయనాన్ని (ఇన్హిబిటర్) పరీక్షించడానికి ఒకరు 5×2×0.1 సెం.మీ. మైల్డ్ స్టీల్ ముక్కను 100 మి.లీ. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉంచారు. తుప్పును ఇన్హిబిటర్ ఎంత తగ్గిస్తోందో చెప్పే సామర్థ్యం 6 గంటలకు బాగుండి, 24 గంటలకు తగ్గిందన్నారు. ఇన్హిబిటర్‌ను అప్పుడే అనుమానించకండి. అంచులు కలిపితే ముక్క వైశాల్యం 21.4 చ.సెం.మీ. చదరపు సెంటీమీటరుకు కనీసం 20 మి.లీ. లెక్కన దాదాపు 430 మి.లీ. ఆమ్లం ఉండాలండీ. 100 మి.లీ.లో అయితే ఇన్హిబిటర్ లేని, పోలిక కోసం పెట్టిన ద్రావణం (బ్లాంక్)లోనే ఇనుము ఎక్కువ కరిగి, ఆమ్లం తరిగి, తుప్పు వేగం మందగిస్తుంది. పోలిక ఆ బ్లాంక్‌తోనే కనుక సామర్థ్యం పడిపోయినట్టు కనబడుతుంది.

నిర్ధారణకు, ముక్క తీయగానే బ్లాంక్ ద్రావణాన్ని మిథైల్ ఆరెంజ్ సూచికగా, క్షారంతో టైట్రేట్ చేసి మిగిలిన ఆమ్లాన్ని కొలవండి. ఫినాల్ఫ్తలీన్ వద్దు, కరిగిన ఇనుము హైడ్రాక్సైడ్‌గా మారుతూ క్షారాన్ని తినేస్తుంది. ఆమ్ల గాఢత 1 మోలార్ దగ్గరే ఉంటే, అప్పుడు ఇన్హిబిటర్ ఉపరితలాన్ని వదులుతోందేమో చూడాలి. పరీక్షలో బీకరుకు ఒకే ముక్క, ఇన్హిబిటర్ ప్రతి గాఢతకు మూడేసి బీకర్లు పెట్టండి.