హైదరాబాద్ హోటల్లో మంచి గది కావాలంటే ముందు రోజే అడగండి

వచ్చే నెల మీరు అమ్మానాన్నలతో హైదరాబాద్ వస్తున్నారు. మాదాపూర్‌లో రెండు రాత్రులకు యాప్‌లో రెండు గదులు, అదీ అన్నిటికంటే తక్కువ ధరవి, బుక్ చేశారు. అదే డబ్బుకు ఇంకాస్త మంచి గదులు దొరికే మార్గం ఉందా అని అడిగారు. ఉంది. అయితే రిసెప్షన్ దగ్గర నిలబడి బతిమాలడం వల్ల ఒరిగేది తక్కువ. హైటెక్ సిటీ ప్రాంతంలోనే ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశాను. ఇప్పుడు వేరే ఉద్యోగం. ఊళ్లు తిరిగే పని కాబట్టి కౌంటరుకు ఇవతలి పక్క నిలబడటం కూడా అలవాటైంది.

మధ్యాహ్నం రెండింటికి మీరు కౌంటరు దగ్గరికి వచ్చేసరికి మీ పేరు పక్కన గది నంబరు చాలావరకు పడిపోయి ఉంటుంది. ఉదయం షిఫ్టులో ఒకరు కూర్చుని, ఆ రోజు వచ్చేవారి జాబితా ముందేసుకుని ఒక్కొక్కరికీ గది కేటాయిస్తారు. దాన్ని గది బ్లాక్ చేయడం అనేవాళ్లం. ముందుగా కంపెనీల తరఫున వచ్చేవారు, సభ్యత్వం ఉన్నవారు, ఎక్కువ రోజులు ఉండేవారు. తర్వాత హోటల్‌కే ఫోన్ చేసో, వాళ్ల సైటులోనో బుక్ చేసుకున్నవారు. ఆఖరున యాప్‌ల నుంచి వచ్చినవారు. ఇందులో చిన్నచూపు ఏమీ లేదు. యాప్ తన కమీషన్ పట్టుకున్నాక హోటల్‌కు మిగిలేది తక్కువ, అంతే. లిఫ్టుకు ఎదురు గది, దుప్పట్లు సర్దే గదికి ఆనుకున్న గది, కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ తగిలే గది కూడా ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదా. అవి జాబితా అడుగున ఉన్నవారి వాటాకు వస్తాయి.

అందుకని జాబితాలో మీ పేరు పక్కన ఒక వాక్యం చేరేలా చూసుకోండి. వెళ్లే ముందు రోజు హోటల్ నంబరుకే ఫోన్ చేసి ఫ్రంట్ ఆఫీసు అడగండి. ఒకే పేరుతో చాలా ఊళ్లలో ఉండే గొలుసు హోటలైతే ఎక్కడో ఉండే కాల్ సెంటరుకు చెప్పిన మాట ఇక్కడిదాకా వస్తుందన్న నమ్మకం లేదు. పదకొండు, పన్నెండు మధ్య మాత్రం వద్దు. ఖాళీ చేసేవాళ్లు బిల్లుల కోసం వరుస కట్టే వేళ అది. సాయంత్రం నాలుగు దాటాక నయం. “రేపు ఈ పేరు మీద రెండు గదులున్నాయి, పెద్దవాళ్లతో వస్తున్నాం, పక్కపక్కనే ఇవ్వగలరా, లిఫ్టుకు మరీ ఎదురుగా కాకుండా” అనండి, చాలు. అప్‌గ్రేడ్ అన్న మాట ఎత్తకండి. పై రకం గది ఊరికే ఇవ్వాలంటే డ్యూటీ మేనేజరు ఒప్పుకోవాలి. అదే రకంలో ఏ గది ఇవ్వాలన్నది ఫోన్ ఎత్తిన మనిషి చేతిలోనే ఉంటుంది. కోరికలు ఒకటి రెండు దాటకూడదు. ఆరు రాయిస్తే చదివేవాడు విసుగుతో ఒక్కటీ పట్టించుకోడు.

మీ విషయంలో పక్కపక్క గదులన్నదే అన్నిటికంటే ముఖ్యం. అది పొద్దున్నే తేలిపోతుంది, మధ్యాహ్నం ఎంత అడిగినా కుదరకపోవచ్చు. మధ్యలో తలుపు ఉన్న జంట గదులు ఉంటే మరీ మంచిది, రాత్రి అమ్మానాన్నలకు ఏమైనా అవసరమైనా తలుపు తీస్తే సరిపోతుంది. ఒంటరిగా వెళ్లినప్పుడు మాత్రం నేను అలాంటి గది తీసుకోను. తలుపు అవతల ఎవరో తెలియనివాళ్లుంటే వాళ్ల టీవీ, దగ్గు, ఫోన్ మాటలు అన్నీ మన గదిలోనే.

పెళ్లిరోజని అబద్ధం చెప్పమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. కేకు వస్తుంది, గది రాదు. కేకు వందల్లో పోతుంది, గది వేలల్లో పోతుంది, ఆ లెక్క హోటల్‌వాళ్లకు మనకంటే బాగా తెలుసు. కార్డు కింద నోటు పెట్టి ఇవ్వడం కూడా ఇక్కడ పనికొచ్చే పద్ధతి కాదు. కౌంటరు మీద కెమెరా ఉంటుంది, అవతలి పిల్లవాడి ఉద్యోగానికే ముప్పు. సాయం చేసినవారి పేరు తర్వాత సమీక్షలో రాయండి. మా దగ్గర అలాంటివి ఉదయం మీటింగులో పైకి చదివేవారు, నోటుకంటే అదే వాళ్లకు ఎక్కువ పనికొచ్చేది.

ఇక ఏ రోజు వస్తున్నారన్నది. మాదాపూర్, గచ్చిబౌలి హోటళ్లు సోమవారం నుంచి గురువారం దాకా సాఫ్ట్‌వేర్ కంపెనీల అతిథులతో నిండుతాయి, శుక్రవారం సాయంత్రానికి ఖాళీ అవుతాయి. శని, ఆదివారాల్లో మంచి గదులు మిగిలే అవకాశం ఎక్కువ. ఫంక్షన్ హాలు ఉన్న హోటలైతే ఈ లెక్క తారుమారు, అక్కడ పంచాంగం చూడాలి. ఆషాఢంలోనో, మూఢంలోనో అడిగితే సులువుగా ఇచ్చే గది, శ్రావణ మాసంలో మంచి ముహూర్తం రోజున డబ్బిచ్చినా దొరకదు. దొరికినా కింద బారాత్, బ్యాండు, రాత్రి పన్నెండు దాకా కారు తలుపుల చప్పుడు. ముహూర్తాల రోజుల్లో ఫోన్ చేస్తే హాలు ఏ వైపు ఉందో అడిగి, రెండో వైపు గది కోరండి. హైటెక్స్ ప్రదర్శన మైదానంలో ప్రదర్శనలు, పక్కనే హెచ్‌ఐసీసీ అనే సమావేశ కేంద్రంలో సదస్సులు జరిగే రోజుల్లో కొండాపూర్ దాకా అన్నీ నిండిపోతాయి. జనవరి ఒకటి నుంచి నాంపల్లిలో ఏటా జరిగే పెద్ద ప్రదర్శన, నుమాయిష్ నడిచే రోజుల్లో అటు వైపు దిగకపోవడమే మేలు, గది దొరికినా సాయంత్రం దాన్ని చేరుకోవడం కష్టం.

ఒక విచిత్రం చెప్పాలి. హోటల్ పూర్తిగా నిండిన రోజునే కొందరికి ఉచితంగా పెద్ద గది వస్తుంది. రద్దయ్యేవి ఉంటాయన్న అంచనాతో చవక గదులను ఉన్నవాటికంటే ఎక్కువే అమ్ముతారు. ఎవరూ రద్దు చేసుకోకపోతే మిగిలినవారిని పై రకంలోకి నెట్టక తప్పదు. అది సాధారణంగా రాత్రి పొద్దుపోయి వచ్చిన, ఒక్క రాత్రే ఉండే మనిషికి తగులుతుంది. అదే మనిషికి జనరేటర్ మీది గది కూడా తగలవచ్చు. ఒకసారి పెళ్లివారి తాలూకు పెద్దమనిషి ఒకరు బల్ల చరిచి “నేనెవరో తెలుసా” అన్నారు. మా సీనియరు చిరునవ్వుతో తాళం ఇచ్చాడు. గదికి వంక పెట్టడానికి లేదు, కిటికీ కింద జనరేటర్ ఉందంతే. ఒక్కరే అయితే ఈ జూదం సరదాగా ఆడుకోవచ్చు. పెద్దవాళ్లతో వస్తున్నారు కాబట్టి రెండున్నర, మూడు మధ్య చేరండి. మరీ ముందు వెళ్తే, ఏది శుభ్రం చేసి ఉంటే అది చేతిలో పెడతారు.

తాళం తీసుకున్నాక పెట్టెలు విప్పకండి. తలుపు వెనక అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారి చూపే పటం అతికించి ఉంటుంది. ఎవరూ చూడరు గానీ హోటల్ గుట్టంతా అందులోనే ఉంది. మీ గది దగ్గర ఎర్ర చుక్క, లిఫ్టులు ఎక్కడ, మెట్లు ఎక్కడ, సిబ్బంది బండ్లు పెట్టుకునే గది ఏది, వరుస చివర మూల గది నంబరెంత, అన్నీ కనిపిస్తాయి. గది నచ్చకపోతే ఆ పటం చూసి నంబరు చెప్పి అడగండి. “వేరే గది ఇవ్వండి” అంటే వెతకాలి, “ఇదే అంతస్తులో పద్నాలుగు ఖాళీగా ఉందా” అంటే ఒక్క క్షణంలో చూసి చెబుతారు. పది నిమిషాల్లోపు అడగాలి. మంచం మీద వాలి, బాత్రూం వాడాక మార్చమంటే హౌస్‌కీపింగ్‌వాళ్లు ఆ గదిని మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేయాలి, అప్పుడు ఎవరికైనా మొహం ముడుచుకుంటుంది. మళ్లీ అదే హోటల్‌కు వచ్చే ఉద్దేశముంటే పటాన్ని ఫోటో తీసి ఉంచుకోండి.

కౌంటరు దగ్గర “వెయ్యి ఎక్కువిస్తే పెద్ద గది” అంటే పన్ను లెక్క వేసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. ఏడు వేల గది పన్నుతో 7,350. ఎనిమిది వేల గది 9,440. వాళ్లు చెప్పిన వెయ్యి మీ జేబులో 2,090 అవుతుంది.

లక్డీకాపూల్, నాంపల్లి, సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి చిన్న హోటళ్లలో ఈ తతంగమేదీ అక్కర్లేదు. డీలక్స్, సూపర్ డీలక్స్ అన్న బోర్డులు నమ్మకుండా, డబ్బు కట్టకముందే రెండు మూడు గదులు చూపించమనండి. కిటికీ తెర తీసి చూడండి, వెనక గోడే ఉండవచ్చు. వేడినీళ్ల కుళాయి తిప్పి చూడండి. అమీర్‌పేటలో మెట్రో వంతెనకు ఎదురుగా ఉన్న భవనాల్లో మూడో అంతస్తైనా ప్రశాంతత ఉండదు, వెనక వైపు గదే అడగాలి.

మీరు ఇప్పటికే యాప్‌లో బుక్ చేశారు కాబట్టి, ఉచితంగా రద్దు చేసే గడువు ఇంకా ఉందేమో చూడండి. ఉంటే హోటల్‌కు ఫోన్ చేసి, టిఫిన్‌తో కలిపి నేరుగా ఎంతకిస్తారో అడగండి. యాప్ ధరకే ఇస్తామంటే అటు మారండి, జాబితాలో ఒక మెట్టు పైకి వెళ్తారు. గొలుసు హోటలైతే ఉచిత సభ్యత్వం కూడా అప్పుడే తీసుకోండి, యాప్ బుకింగులకు దాని లాభాలు చాలావరకు వర్తించవు. కొత్త బుకింగ్ ఖాయమైన మెసేజ్ వచ్చాకే పాతది రద్దు చేయండి.