మూడేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ ఇవ్వాలా?

మీ బట్టల దుకాణంలో 14 మంది పనిచేస్తున్నారనీ, మూడేళ్లుగా ఉన్న సేల్స్‌మన్ ఒకరు రాజీనామా చేసి, కొత్త చట్టం ప్రకారం ఏడాది దాటిన వారందరికీ గ్రాట్యుటీ (సర్వీసును బట్టి యజమాని ఉద్యోగికి చివర్లో ఇచ్చే మొత్తం) వస్తుందని, అది కూడా రెండు రోజుల్లో చేతికి ఇవ్వాలని పట్టుబడుతున్నారనీ రాశారు. నేను విజయవాడలో 23 మందితో ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. నవంబరు చివరి వారంలో మా బైండింగ్ కుర్రాళ్లు కూడా ఫోనులో ఏదో వీడియో చూపించి ఇదే అడిగారు. నేను వకీలును కాను. మా ఆడిటరును, లేబర్ ఆఫీసు వారిని అడిగి తెలుసుకున్నది చెబుతున్నాను.

పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో సామాజిక భద్రత కోడ్ ప్రకారం ఐదేళ్లు నిండకపోయినా గ్రాట్యుటీ పొందే వెసులుబాటు కాలపరిమితి ఒప్పందం మీద చేరిన వారికి, అంటే ఫలానా తేదీ వరకు అని రాతపూర్వకంగా నియమించుకున్న వారికి వర్తిస్తుంది. మామూలు ఉద్యోగి రాజీనామా చేస్తే పాత చట్టంలో లాగే ఐదేళ్ల సర్వీసు ఉండాలి. మరణించినా, పనిచేయలేని వైకల్యం కలిగినా మాత్రం ఆ షరతు లేదు. కనుక మీ సేల్స్‌మన్‌తో అలాంటి ఒప్పందం ఏదీ రాసుకోకపోతే మూడేళ్లకు గ్రాట్యుటీ రాదు. అయితే పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలనీ, అంతవరకు ఇవ్వని వారికి కోడ్ అమల్లోకి వచ్చిన మూడు నెలల్లో ఇవ్వాలనీ మరో కోడ్ చెబుతోంది. మీ దగ్గర ఎవరికీ ఆ కాగితం లేదని మీరే రాశారు కాబట్టి, ఈ విషయంలో తప్పు మీ వైపే ఉంది.

రెండు రోజుల మాట అబద్ధం కాదు, కాకపోతే అది జీతం గురించి చెప్పినది. ఉద్యోగం మానేసినా, తీసేసినా, రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ అంటోంది. గ్రాట్యుటీకి గడువు 30 రోజులు. ఆ కుర్రాడికి జీతం బకాయి ఉంటే వాదన పెట్టుకోకుండా ముందు అది ఇచ్చేయండి.

మాకు అసలు లెక్క మారింది వేతనం నిర్వచనంతో. వేతనంలో కలపకుండా మినహాయించే భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన మేరకు వేతనంలో కలపాలి. మా కటింగ్ మెషిన్ ఆపరేటరుకు నెలకు 24,000 రూపాయలు. అందులో 9,000 బేసిక్, మిగిలిన 15,000 ఇంటి అద్దె, రవాణా, ఇతర భత్యాలు. ఇప్పుడు భత్యాల నుంచి 3,000 వచ్చి చేరడంతో వేతనం 12,000 అయింది. రోజు వేతనం కోసం 26తో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున లెక్క కడితే, పదేళ్ల సర్వీసుకు పాత పద్ధతిలో 51,923 రూపాయలు వచ్చేది, ఇప్పుడు 69,231 అవుతుంది. మేము బేసిక్ మీదే పీఎఫ్ కడుతూ వచ్చాం కనుక అతని 12 శాతం వాటా 1,080 నుంచి 1,440కి పెరిగి, చేతికొచ్చే జీతం 360 తగ్గింది. మా వాటా కూడా అంతే పెరిగింది. ఇది మా మీద భారమే, కానీ బేసిక్‌ను అంత తక్కువగా చూపించడం మేము కావాలని చేసిన పనే కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు మాకు లేదనుకుంటాను. మీ దగ్గర 20 మంది లేరు కనుక పీఎఫ్ సంగతి మీకు ప్రస్తుతానికి రాకపోవచ్చు.

మీరు అడగనిది ఒకటి ఉంది, నామినేషన్, అంటే ఉద్యోగి మరణిస్తే గ్రాట్యుటీ ఎవరికి ఇవ్వాలో ముందే రాసిచ్చే ఫారం. 2018లో మా బైండరు ఒకాయన 11 ఏళ్ల సర్వీసు తరువాత గుండెపోటుతో పోయారు. బేసిక్ 7,800, గ్రాట్యుటీ 49,500 రూపాయలు. తల్లిదండ్రులు లేని మనిషి కావడంతో, చేరిన కొత్తలో అన్నగారి పేరు రాసిచ్చారు. ఆ తరువాత పెళ్లయింది, పాప పుట్టింది, ఫారం మాత్రం అలాగే ఉండిపోయింది. పదకొండో రోజు తరువాత అన్నగారు ఆ పసుపుపచ్చ కాగితం పట్టుకుని వస్తే మా నాన్నగారు చెక్కు రాయబోయారు కూడా. కుటుంబం ఏర్పడ్డాక బయటివారి పేరున ఉన్న నామినేషన్ చెల్లదని, చట్టం లెక్కలో అన్న కూడా బయటివారేనని వకీలు చెప్పడంతో ఆగారు. తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. భార్య వాటా ఆమెకు ఇచ్చి, మైనరైన పాప వాటాను గ్రాట్యుటీ చట్టం అమలు చూసే నియంత్రణ అధికారి దగ్గర జమచేశాం. ఆ నాలుగు నెలలూ ఆమె ప్రతి సోమవారం పాపను ఎత్తుకుని ప్రెస్‌కు వచ్చి అడిగి వెళ్లేది.

కనుక నియామక పత్రాలు ఇచ్చేటప్పుడే నామినేషన్లు కూడా కొత్తగా తీసుకోండి. ఆ బైండరు పెళ్లి శుభలేఖ మా మెషిన్ మీదే అచ్చయింది, అయినా అప్పుడు మాకు ఆ ఫారం గుర్తు రాలేదు. ఇప్పుడు మా వాళ్లలో ఎవరి శుభలేఖ ప్రూఫుకు వచ్చినా, దానితో పాటు నామినేషన్ ఫారం కూడా టేబుల్ మీద పెడుతున్నాం.