బ్రూచ్‌ని పతకం అనొచ్చా?

సందేహం: వైకింగ్‌ల (వెయ్యేళ్ళ కిందటి స్కాండినేవియా ఓడల జనం) కాలం నాటి నగల ఫొటోలకి తెలుగులో చిన్న చిన్న వివరణలు రాస్తున్నానండి. బ్రూచ్ (బట్టకి గుచ్చుకునే నగ) అని ఉన్న చోటల్లా పతకం అని పెట్టాను. మా ఫ్రెండ్ చూసి పతకమేంటి, పిన్నీసు అనాలి అంది. ఏది కరెక్టు? ఇంకోటి, బ్రూచ్‌కీ మన "బ్రోచు"కీ ఏమైనా చుట్టరికం ఉందా?

సమాధానం: చిన్నది ముందు తేల్చేద్దాం. చుట్టరికం లేదండి. ఇంగ్లీషువాళ్ళు దాన్ని పలికేది బ్రోచ్ అనే, రెండు ఓలు కనపడేసరికి మనం బ్రూచ్ చేసుకున్నాం, మీకా అనుమానం వచ్చింది కూడా ఆ ఉచ్చారణ విని అయ్యుంటుంది. అది పాత ఫ్రెంచి మాట, మొనదేలిన పుల్ల, గుచ్చే సూది అని అర్థం. కాగితాలు కలిపి కుట్టడం అన్న అర్థంలోంచి మనం రోజూ వాడే బ్రోచర్ కూడా ఆ ఇంట్లోనే పుట్టింది. మన బ్రోచు అంటే కాపాడు, ప్రోచుకి ఇంకో రూపం. సో, బ్రూచ్ ప్రాణమంతా వెనక సూదిలో ఉంది, ముందు కనపడే బిళ్ళలో కాదు, మీ అసలు ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది.

పతకం గొలుసుకి వేలాడుతుంది. తీసేస్తే మెడ బోసిపోతుంది, అంతకంటే ఏం కాదు. వైకింగ్ ఆడవాళ్ళ బ్రూచ్ తీసేస్తే ఒంటి మీద బట్టే జారిపోతుంది. లోపల నార చొక్కా, దాని మీద చేతుల్లేని పైబట్ట, ఆ పైబట్టకి వీపు వైపు నుంచి భుజాల మీదుగా రెండు పట్టీలు వస్తాయి, ముందు వైపు రెండు చిన్న ఉచ్చుల్లాంటివి ఉంటాయి, ఈ పట్టీనీ ఆ ఉచ్చునీ కలిపి సూది గుచ్చితేనే బట్ట నిలుస్తుంది, అందుకే అవి మామూలుగా జంటగా ఉంటాయి, కుడికొకటి ఎడమకొకటి. పది సెంటీమీటర్లకి అటూఇటూ పొడవు, కోలగా, తాబేటి చిప్పలా ఉబ్బి ఉంటుంది. తిరగేసి చూస్తే లోపలంతా గుల్ల, ఒక చివర సూది కీలు, రెండో చివర సూది మొన ఆగే కొక్కెం. స్వీడన్‌లో బిర్కా అనే చోట 19వ శతాబ్దంలో హ్యాల్మర్ స్టోల్పె సుమారు 1100 సమాధులు తవ్వాడు, అక్కడి బ్రూచ్‌ల వెనక తుప్పులో ఆ నార ఉచ్చుల ముక్కలు ఇంకా అతుక్కునే ఉన్నాయి, ఆ బట్టల మీద ఆగ్నెస్ గేయర్ చేసిన పని 1938లో అచ్చయింది. బట్టంతా మట్టిలో కలిసిపోయినా సూది పట్టుకున్నంత మేర మిగిలింది చూడండి, అలాంటి వస్తువుని పతకం అంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పనితీరు చూస్తే మీ ఫ్రెండ్ మాటే దగ్గర, కీలూ సూదీ కొక్కెం మూడూ పిన్నీసులోనూ ఉన్నాయి. కానీ పిన్నీసు అనగానే తెలుగువాళ్ళ కళ్ళ ముందుకొచ్చేది పైట మడతల్లో కనపడకుండా దాచుకునేది, ఇదేమో అందరికీ కనపడాలనే పెట్టుకునేది. కొలికి అందామా అని కూడా ఆలోచించాను. కొలికి గొలుసు రెండు కొసల్నీ కలిపేది, వ్యవహారం కొలిక్కి వచ్చింది అనడం కూడా అందులోంచే అని నా అభిప్రాయం. మంచి మాటే గానీ అది గొలుసుది, బట్టకి అతకదు. మనకి చీర, పంచె, ఉత్తరీయం అన్నీ కుట్టని బట్టలే, దోపుకుంటాం, చెక్కుకుంటాం, ముడేసుకుంటాం, గోచీ పెడతాం, ఆ మాటలకి లోటు లేదు, సూదితో నిలబెట్టే బట్ట లేదు కాబట్టి దానికి మాటా పుట్టలేదు.

ఈ చిక్కు మీ ఒక్కరిదే కాదండి. 922లో వోల్గా నది ఒడ్డున రూస్ అనే జనాన్ని (తూర్పుకి వచ్చిన వైకింగ్‌లన్నమాట) చూసిన అరబ్ యాత్రికుడు ఇబ్న్ ఫద్లాన్, వాళ్ళ ఆడవాళ్ళ రొమ్ముల మీద ఇనుముదో రాగిదో వెండిదో బంగారందో, మొగుడి సంపదని బట్టి, ఒక్కో డబ్బీ ఉంటుందని, దానికున్న రింగుకి కత్తి వేలాడుతుందని రాశాడు. అవి ఈ కోల బ్రూచ్‌లేనని ఎక్కువమంది పండితులు అంటారు. అరబీలో ఆయన వాడిన మాట హుక్కా, అంటే చిన్న డబ్బీ, మన పొగతాగే హుక్కా కూడా ఆ మాటే. పేరు తెలియక ఆకారం చెప్పాడు.

వైకింగ్‌ల సొంత భాషలో రీగ్స్‌థులా అనే పాత పద్యంలో ఒకావిడ వేషం చెబుతూ భుజాల మీద "మరుగుజ్జులు" ఉన్నాయంటారు, అవి బట్ట పట్టే సూదులో బ్రూచ్‌లో అనే అర్థం చెబుతారు. వాళ్ళ కథల్లో ఆకాశాన్ని నాలుగు మూలలా మోసేది మరుగుజ్జులే, ఇంటి దూలం మీద బరువు మోసే పొట్టి కొయ్యలకీ అదే పేరు. బరువు మోసేది అనే పేరు పెట్టుకున్నారన్నమాట, నాకైతే భలే నచ్చింది.

కాబట్టి మీరు బ్రూచ్ అనే ఉంచండి, మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం "బట్ట జారకుండా పట్టే సూదిబిళ్ళ" అని పక్కన చేర్చండి, తర్వాత ఉత్త బ్రూచ్ చాలు. మీ ఫొటోల్లో ఒకచోట తెగిన కడియంలా, పొడవాటి సూదితో ఉన్నవి వస్తే వాటికి సూదిబిళ్ళ అనకండి, అక్కడ బిళ్ళే లేదు. మగవాళ్ళు కత్తి దూసే చెయ్యి ఖాళీగా ఉండాలని కుడి భుజం దగ్గర పై దుప్పటికి పెట్టుకునేవారు, సూది బట్టలో గుచ్చి, కడియం నోరు సూది మీదుగా దాటించి, కడియాన్ని కాస్త తిప్పితే ఇక ఊడదు. దానికి "సూది కడియం" అని రాసేయండి.